మామిడిపండుకి ఆరు పేజీలు

తప్పులుంటే మన్నించాలి. ఒత్తులు నాకు ఇప్పటికీ ఒక పట్టాన కుదరవు. నాకు అక్షరాలు నేర్పిన సత్యశ్రీగారు దిద్దినవి దిద్దారు, మిగిలినవన్నీ నావే. రాయడం కూడా నెమ్మదే. ఈ కాసిని కాగితాలకి రెండు నెలలు పట్టింది. ఇందులో మనిషిని ‘ఆమె’ అన్నాను. ‘నేను’ అని మొదలుపెడితే ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టే వస్తోంది. ‘ఆమె’ అంటే కాస్త దూరంగా నిలబడి తీరిగ్గా చూడొచ్చు.

రేకుల పొయ్యి ముందు కూర్చున్నంతసేపూ రత్నమాణిక్యానికి గడియారంతో పని ఉండేది కాదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళకి కుండే గడియారం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. అందులో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగితే, ఊపిరి పీల్చి వదిలేలోపు తెల్లటి రేకు లేస్తుంది. తీసి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచాలి. కాస్త ముందు తీస్తే చిరుగుతుంది, కాస్త ఆగితే మాడుతుంది. పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టిన పని. అప్పట్నుంచీ ఆమె లెక్కలన్నీ రేకుల్లోనే. అన్నం ఉడకడానికి అరవై రేకులు. వచ్చిన చుట్టం చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు అడగడానికి ఎనిమిది. ఆమె భర్త దొరబాబుగారికి కోపం వస్తే దిగడానికి మూడు వందలు.

దొరబాబుగారు లాకుల మీద లస్కరు. కాలువకి ఎప్పుడు ఎంత నీరు వదలాలో, తలుపులు ఎప్పుడు ఎత్తాలో చూసుకునే ఉద్యోగం కాబట్టి ఆయనకి వాచీ ఉండేది. ఇల్లంతా ఆ వాచీ ప్రకారమే నడిచేది. ఏడింటికి కాఫీ, తొమ్మిదింటికి క్యారేజీ, ఒంటి గంటకి వేడన్నం. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆయన ఏమీ అనేవారు కాదు, వాచీ వంక చూసేవారు. ఆ చూపు కంటే తిట్టు నయం. పోనీ ఆమె ఎప్పుడైనా “ఒళ్ళు నలిగిపోయిందండి” అంటే, “నీకేంటే, ఇంట్లోనే ఉంటావు, నీకు టైమే టైము” అనేవారు.

ఆయన తమ్ముడు ఉదయభాస్కర్ ఆమెకంటే ఏడాదే చిన్న. ఆమె కాపురానికి వచ్చేసరికి పదో తరగతి చదువుతున్నాడు. అతని పుస్తకాలు సర్దుతూ ఒకసారి సిగ్గుపడుతూనే అడిగింది, “భాస్కరం, నా పేరు రాయడం చూపిస్తావా?” అతను పకపకా నవ్వాడు. “నీకు టైమెక్కడిది వదినా?” అన్నాడు.

ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు. ఒకాయన లెక్కలో ఆమెకి ఉన్నదంతా టైమే. ఇంకొకాయన లెక్కలో బొత్తిగా లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి గురించి చెప్పారు. ఇక అత్తగారి సంగతి సరేసరి. కోడలి చేతులు ఒక్క క్షణం ఖాళీగా కనిపిస్తే చాలు, “ఏంటే, గోరింటాకు పెట్టుకున్నావా?” అని అడిగేది.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం తరువాత దొరబాబుగారు పోయారు. వాచీ భాస్కరంగారు అడిగి తీసుకున్నారు. అప్పటికి ఆయన రావులపాలెం హైస్కూల్లో తెలుగు మాస్టారు, తరువాత హెడ్మాస్టరు కూడా అయ్యారు. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి తణుకులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు. ఆమె మాత్రం పొయ్యి వదల్లేదు. కానీ ఒంటి గంటకి వేడన్నం వండక్కర్లేదు. యాభై ఏడో ఏట, ఊళ్ళో లైబ్రరీలో మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నారని విని, చేతులకి అంటిన పిండి కడుక్కుని వెళ్ళింది. నేర్పే అమ్మాయి సత్యశ్రీకి ఇరవై ఆరేళ్ళు. ‘ర’ చుట్టి, ‘త’ కింద ఒత్తు పెట్టి తన పేరు తను రాసుకున్న రోజున ఇంటికొచ్చి, బియ్యం డబ్బా మీద, తలుపు మీద, కుండ పక్క గోడ మీద కూడా బొగ్గుతో రాసేసింది.

ఆరేళ్ళు గడిచాయి. ఈ ఏడాది సత్యశ్రీ ఒక మాట తెచ్చింది. అక్కడ చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు తలా నాలుగు పేజీలు రాస్తే లైబ్రరీవాళ్ళు పుస్తకం వేస్తారట. తప్పులు చూసి ప్రెస్సుకి పంపే బాధ్యత రిటైరైన హెడ్మాస్టరు ఉదయభాస్కర్‌గారిదట.

రత్నమాణిక్యం ఇంటికి వెళ్ళి, కాగితం పరుచుకుని, వరసగా రాసింది. పుట్టాను. తమ్ముణ్ణి ఎత్తుకున్నాను. పదహారో ఏట పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. రేకులు తీశాను. వంట చేశాను. ఆయన పోయారు. అక్షరాలు నేర్చుకున్నాను. రాయడం అయిపోయింది. కాగితం చూస్తే ఇంకా ముప్పావు వంతు తెల్లగా ఉంది. అరవై మూడేళ్ళూ అన్నం ఉడికేలోపే అయిపోయాయి. పొయ్యి మీద గిన్నె ఇంకా పొంగు కూడా రాలేదు.

“ఇందులో అబద్ధం ఒక్కటీ లేదమ్మా,” అంది మర్నాడు సత్యశ్రీతో. “కానీ రేషన్ కార్డులో ఇంతకన్నా ఎక్కువుంటుంది.”

సత్యశ్రీ నవ్వాపుకోలేకపోయింది. “పిన్నిగారూ, కాగితం మీద కాలం మన మాట వింటుంది. పదేళ్ళని ఒక్క ముక్కలో దాటెయ్యొచ్చు. ఒక్క గంటని పట్టుకుని పది పేజీలు ఆపెయ్యొచ్చు. ఆఖర్ది ముందు చెప్పొచ్చు, మధ్యలోంచి మొదలెట్టొచ్చు. ఎవరూ అడగరు.”

“ఎవరూ అడగరా?”

“అస్సలు అడగరు. మీకు ఏ రోజు దగ్గర ఆగాలనిపిస్తుందో అక్కడ ఆగండి.”

ఆ మాట పట్టుకుని ఆమె ఇల్లు చేరింది. దారి పొడుగునా నవ్వొస్తూనే ఉంది. కాలం తన మాట వింటుందని, పైగా ఎవరూ అడగరని ఆమెతో అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. ఎక్కడ ఆగాలి? పెళ్ళి దగ్గరా? పెళ్ళంతా ఆమెకి నిద్ర, ఆకలి. కాన్పుల దగ్గరా? వాటి గురించి అందరూ రాస్తారు. అలా వెతుక్కుంటూ ఉంటే ఒక వానాకాలం కాని వాన గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఏదో దొంగతనం చేసినట్టు దాచుకుంది.

వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసిన రోజులు. ఆమెకి ముప్పైమూడు. దొరబాబుగారిని రాజమండ్రి ఆఫీసుకి రమ్మంటే రెండు రోజుల పని మీద వెళ్ళారు. పిల్లలు సెలవులకి పెద్దాపురంలో మేనమామ ఇంట్లో ఉన్నారు. అత్తగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆమె పొద్దున్నించీ రేకులు తీస్తోంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, చెప్పాపెట్టకుండా వాన దిగింది. పరుగెత్తి కొబ్బరాకులు లోపల వేసేలోపే అన్నీ తడిసిపోయాయి. తడి ఆకు మండదు. మంట లేకపోతే రేకు లేదు. అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసింది. ఎవరికి వండాలి? పొద్దుటి అన్నం అలాగే ఉంది. చీపురు తీసింది. ఊడ్చిన ఇల్లే. గది మధ్యలో నిలబడి తన రెండు చేతులూ చూసుకుంది. గోరింటాకు లేదు. పనీ లేదు.

మంచం కింద గడ్డిలో రసం మామిడిపళ్ళు మాగుతున్నాయి. ఆ ఇంట్లో మొదటి పండు ఆయనకి, రెండోది భాస్కరానికి, తరువాత పిల్లలకి. ఆమెకి టెంకలు. “మాణిక్యానికి టెంకంటే ప్రాణం” అని అత్తగారు ఊరంతా చెప్పేది. వినీ వినీ ఆమె కూడా నమ్మింది. ఆ రోజు గడ్డిలో చెయ్యి పెట్టి, తడిమి, నొక్కి, వాసన చూసి, అన్నిట్లోకీ మంచి పండు తీసింది. గుమ్మం మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. పండుని రెండు అరచేతుల మధ్యా నెమ్మదిగా మెత్తబరిచి, మొన కొరికి ఉమ్మేసి, నోట్లో పెట్టుకుంది.

ఇక్కడే ఆమె ఆగింది. ఇక్కడే నాలుగు పేజీలు రాసింది. మొదటి చుక్క నాలిక మీద పడ్డప్పుడు వాన చూరు మీద ఎలా చప్పుడు చేసిందో రాసింది. మోచేతిదాకా కారిన రసాన్ని ఎవరూ చూడకుండా నాకడం రాసింది. ఎదురుగా నీళ్ళు లేని కాలువలో వాన పడుతోంది. ఏడాదంతా నీళ్ళు కప్పెట్టిన సామానంతా బురదలో బయటపడి ఉంది. ఎవరిదో ఒంటి చెప్పు, సైకిలు రిమ్ము, ఇంకాస్త అవతల ఇత్తడి సిబ్బి అంచు. అది ఆమెదే. కొత్త కోడలిగా ఉన్నప్పుడు బియ్యం కడుగుతుంటే చేతిలోంచి జారిపోయింది. ఆ సిబ్బి కోసం నెల రోజులు మాటలు పడింది. అదిగో, ఎక్కడికీ పోలేదు, ఇన్నేళ్ళూ ఇంటెదురుగానే ఉంది. లేచి తెచ్చుకోలేదు. తరువాత తెచ్చుకోవచ్చులే అనుకుని పండు తిప్పి ఇంకో పక్క పిండుకుంది.

ఆ తరువాత పేజీలో ఆమె పక్కన ఏడేళ్ళ పిల్లని కూర్చోబెట్టింది. చంకలో తమ్ముడితో బడి గోడ బయట నిలబడి, లోపలి పిల్లలు అ ఆ లు అరుస్తుంటే తనూ పెదాలు కదిపిన పిల్ల అది. ఇంకో పక్క కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడని కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ళ తరువాత ఈ వాన గురించి రాయబోయే మనిషి. రేకు మీద రేకు పరిచి మడతపెట్టినట్టు ముగ్గురినీ ఒకే గుమ్మం మీద సర్దింది. ఏడేళ్ళ పిల్ల పండు వంక చూసింది. ఆమె తన పండు ఇవ్వలేదు. గడ్డిలోంచి ఇంకోటి తీసి ఇచ్చింది. చంకలో పిల్లాణ్ణి కాసేపు పెద్దావిడ ఎత్తుకుంది.

వాన ఎంతసేపు పడిందో ఆమెకి తెలీదు. పొయ్యి లేదు కాబట్టి రేకుల లెక్క లేదు. వాచీ రాజమండ్రిలో ఉంది. తగ్గేసరికి నాలుగు టెంకలు గుమ్మం కింద ఉన్నాయి. ఒక్కటీ చీకలేదు.

మర్నాడు దొరబాబుగారు వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, “నిన్నంతా ఏం చేశావు?” అని అడిగారు.

“ఏం లేదండి,” అంది.

పెళ్ళయినప్పట్నుంచీ రోజూ ఆ ప్రశ్నకి అదే జవాబు చెప్పింది. వంద రకాల పనులు చేసి, ఏం లేదండి అంది. ఆ ఒక్క రోజే ఆ జవాబు నిజం.

మొత్తం ఆరు పేజీలు వచ్చాయి. కాపురం సంగతి ఒక్క వాక్యంలో పెట్టింది, ‘ముప్పై ఎనిమిదేళ్ళు వంట చేశాను’ అని. సత్యశ్రీ చదివి, “మామిడిపళ్ళు ఎక్కడ దొరుకుతాయి పిన్నిగారూ ఇప్పుడు?” అని అడిగింది. కాగితాలు భాస్కరంగారికి పంపింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన బస్సు దిగి సరాసరి రేకులు తీసే పాకలోకి వచ్చారు. పొయ్యి దగ్గర రత్నమాణిక్యంతోపాటు రూబీ కూడా ఉంది. పక్కింటి మనిషి. ముప్పై ఏళ్ళుగా ఇద్దరూ ఒకే పాకలో చెరో కుండ మీదా రేకులు తీస్తారు. రూబీకి చదువు రాదు, నేర్చుకోమంటే “ఇద్దరం చదివేస్తే రేకులెవరు తీస్తారక్కా” అంటుంది.

“వదినా, ఏంటిది?” భాస్కరంగారు నిలబడే కాగితాలు ఊపారు. “మా అన్నయ్యకి ఒక్క వాక్యం, మామిడిపండుకి ఆరు పేజీలా?”

“ఏం పండండి మాస్టారూ?” అంది రూబీ గుడ్డ లాగుతూ.

“రసం.”

“రసమైతే పడుతుందండి ఆరు పేజీలు.”

ఆయన రూబీ వంక చూడకుండా స్టూలు లాక్కుని కూర్చున్నారు. “నీ మంచికే చెప్తున్నాను వదినా. రేపు ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. జీవితం రాయమన్నప్పుడు ఒక వరస ఉండాలి. పుట్టుక, పెళ్ళి, సంతానం, అన్నయ్య మంచితనం, వైధవ్యం, విద్య. నువ్వేమో ఒక పనీపాటా లేని మధ్యాహ్నం పట్టుకుని కూర్చున్నావు. పైగా ఏడేళ్ళ పిల్ల, ముసలావిడ ఒక్క గుమ్మం మీదేంటి? నలుగురూ నవ్వుతారు. నేనే కష్టపడి వరసలో పెట్టుకొచ్చాను. ఇదిగో, ఒక సంతకం పెట్టెయ్. నాలుగింటి బస్సుకి నేను వెళ్ళాలి.” అని అన్నగారి వాచీ చూసుకున్నారు.

ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. ఆ చూపు పడగానే కాళ్ళు వాటంతటవే వంటింటివైపు నడిచేవి. ఇప్పుడు కూడా “మీ ఇష్టం” అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. ఎన్ని వేలసార్లు అన్న మాటో. దాన్ని పట్టి ఆపడం కష్టమే అయింది. ఆ ఆరు పేజీలూ పోతే మళ్ళీ అంతా రేషన్ కార్డే. ఆ మధ్యాహ్నం జరిగిందని ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. అచ్చులో లేకపోతే ఇక జరగనట్టే.

“భాస్కరంగారూ, నాకు తెలీదు ఏది బాగుందో,” అంది. “రెండూ రూబీకి చదివి వినిపిద్దాం. ముందు మీరే చదవండి.”

“రూబీకా?” అన్నారాయన.

“చదవండి మాస్టారూ, నాకేం పని లేదు,” అంది రూబీ, రెండు చేతులా పని చేస్తూనే.

ఆయన గొంతు సవరించుకున్నారు. “శ్రీమతి రత్నమాణిక్యంగారు ఒక సామాన్య రైతు కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుండి వినయ విధేయతలతో పెరిగారు…” గంభీరమైన గొంతు. రూబీ చెయ్యి ఎక్కడా తడబడలేదు. గుడ్డ ముంచడం, లాగడం, రేకు తియ్యడం. జన్మించడం దగ్గర మూడు రేకులు, పెళ్ళి దగ్గర నాలుగు, అన్నయ్య మంచితనం దగ్గర పదకొండు. ఒక్కదానికీ అంచు కూడా చెదరలేదు.

“చాలా గౌరవంగా ఉందండి,” అంది రూబీ. “ఎవరండీ ఆవిడ?”

రత్నమాణిక్యానికి నవ్వు తన్నుకొచ్చింది. చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. వరస కింద వేలు పెట్టి, తన నెమ్మదితో తను చదవడం మొదలుపెట్టింది. వాన దిగింది. రూబీ ఒక రేకు తీసింది. కొబ్బరాకులు తడిసిపోయాయి. “అయ్యో,” అంది రూబీ, ఇంకో రేకు తీస్తూ. ఊడ్చిన ఇల్లు, ఖాళీ చేతులు, గడ్డిలో పళ్ళు. రేకుకీ రేకుకీ మధ్య ఎడం పెరిగింది. గుమ్మం మీద కూర్చుని, పండు మెత్తబరిచి, మొన కొరికి…

పాకంతా మాడు వాసన.

ఆమె చదవడం ఆపి తల ఎత్తింది. రూబీ కుండ మీద రేకు గోధుమరంగు దాటి నల్లబడి, పెళుసుగా లేచి విరిగింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. జ్వరంలో కూర్చున్నా, మొగుడితో పోట్లాడి వచ్చి కూర్చున్నా, ముప్పై ఏళ్ళలో రూబీ చేతిలో రేకు మాడటం ఎవరూ చూడలేదు.

“ఆపావేంటక్కా?” అంది రూబీ మండిపడుతూ. “ఇంతకీ వాన తగ్గిందా లేదా? చదువు!”

ఆమె చదివింది. సిబ్బి దొరికింది. ఏడేళ్ళ పిల్ల వచ్చింది, పెద్దావిడ వచ్చింది. పేరు రాయడం చూపించమంటే ‘నీకు టైమెక్కడిది’ అని పదిహేనేళ్ళ కుర్రాడు నవ్విన సంగతీ ఏడేళ్ళ పిల్లకి చెప్పుకున్నట్టు అక్కడే వచ్చింది. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళిపోయింది. “ఏం లేదండి” దగ్గరికి వచ్చేసరికి రూబీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. కింద మంట ఎప్పుడో ఆరిపోయింది.

భాస్కరంగారు విరిగిన నల్లరేకు ముక్క తీసి చేతిలో తిప్పారు. “నేనన్న ఆ మాట తీసెయ్యొచ్చు కదా వదినా,” అన్నారు చివరికి, నెమ్మదిగా.

“ఉండనివ్వండి. అందులో మీకు పదిహేనేళ్ళే. కుర్రాడు తెలీక అన్నాడు.”

ఆయన తను వరసలో పెట్టిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగారు. “పోనీ, ఆరు పేజీలూ అలాగే వెళ్ళనిస్తాను. కానీ అన్నయ్య గురించి ఇంకొక్క వాక్యం వెయ్యి వదినా. పోయిన మనిషి.”

న్యాయమే అనిపించింది ఆమెకి. కలం తీసుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, తొందరపడకుండా, ఒత్తులన్నీ సరిచూసుకుంటూ రాసి ఇచ్చింది. ఆయన చదివారు. ముందు కళ్ళు పెద్దవయ్యాయి, తరువాత భుజాలు కదిలాయి, ఆఖరికి బస్సు తప్పిన సంగతి కూడా మరిచిపోయి స్టూలు మీద కూలబడి, పదో తరగతి కుర్రాడిలా పకపకా నవ్వారు.

‘ఆ రోజు ఆయన రాజమండ్రి వెళ్ళారు. ఆ ఉపకారం నేను ఎప్పటికీ మరిచిపోను.’

నా పేరు రత్నమాణిక్యం. వయసు అరవై మూడు. ఉండేది ఆత్రేయపురం, కాలువగట్టు మీద రేకుల పాక పక్క ఇల్లు. తలుపు మీద పేరుంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఎవరూ రావద్దు. నేను గుమ్మం మీదే కూర్చుని ఉంటాను గానీ, నాకు టైముండదు.